రీల్‌కు 3 లక్షల వ్యూస్ వచ్చాయి, పేస్ట్రీ ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: సార్, నాకు 24 ఏళ్లు. మాది మండపేట దగ్గర ఒక ఊరు. నాన్నకి చిన్న స్వీట్ షాపు ఉంది, మడత కాజాలకి చుట్టుపక్కల బాగానే పేరు. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్ పేస్ట్రీ సెక్షన్‌లో కమిగా, అంటే కింది మెట్టు షెఫ్‌గా, చేస్తున్నాను. చేతికి 19 వేలు వస్తుంది. తెల్లవారుజామున 4 గంటల షిఫ్ట్. కేకులు చేయడం అంతగా రానివాళ్లకి పోటీ పెట్టే ‘నెయిల్డ్ ఇట్’ షోలో జడ్జి జాక్ టోరెస్‌ని చూసినప్పటి నుంచి ఆయనలా టీవీలో కనిపించే పేస్ట్రీ షెఫ్ కావాలని పిచ్చి పట్టుకుంది. ఈమధ్య మొహం చూపించకుండా, కేకు మీద అద్దంలా మెరిసే గ్లేజ్ పోస్తూ నేను పెట్టిన ఒక రీల్‌కు 3 లక్షల వ్యూస్ వచ్చాయి. అది చూసి ఒక వంటల షో వాళ్లు ఆడిషన్‌కి రమ్మన్నారు. ఫ్రెండ్స్ ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ వీడియోలు చేయమంటున్నారు. పారిస్‌లో కోర్సు చేస్తే విలువ పెరుగుతుందని ఇంకొకరు అన్నారు, దానికి 20 లక్షల లోన్ కావాలి. నాన్నేమో ఇంటికొచ్చి కొట్టు చూసుకో, సంబంధాలు చూస్తున్నాం అంటున్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం మానేయనా? ఆడిషన్‌కి వెళ్లనా? లోన్ తీసుకోనా? — ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మూడింటికీ ముందు పొట్టిగా జవాబులు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత మాట్లాడుకుందాం. ఉద్యోగం మానొద్దు. ఆడిషన్‌కి వెళ్లు, కానీ సెలవు పెట్టుకుని వెళ్లు. ఆ 20 లక్షల అప్పు ఇప్పుడు వద్దు.

నువ్వు టోరెస్ పేరు ఎత్తావు కాబట్టి ఆయన దారే చూద్దాం. ఆయన అలా నవ్వుతూ జడ్జి కుర్చీలో కూర్చుని, కూలిపోయిన కేకుని కూడా ఇష్టంగా రుచి చూస్తుంటే ఇదేదో భలే సరదా ఉద్యోగంలా కనిపిస్తుంది. ఆ షో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది 2018 మార్చిలో. ఆయన పుట్టింది 1959లో. అంటే అప్పటికి 58 ఏళ్లు. పేస్ట్రీ షాపులో అప్రెంటిస్‌గా చేరింది 15వ ఏట. మధ్యలో నలభై ఏళ్లకు పైగా ఏం చేశాడన్నదే నువ్వు చూడాల్సింది. నిన్ను నలభై ఏళ్లు ఆగమనడం లేదులే, కంగారు పడకు.

ఆయన పుట్టింది అల్జీర్స్‌లో, పెరిగింది దక్షిణ ఫ్రాన్స్‌లో బాందోల్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. తండ్రి వడ్రంగి. ఆ ఊళ్లోనే ఒక చిన్న పేస్ట్రీ షాపులో పనికి కుదిరాడు. ఫ్రాన్స్‌లో అప్రెంటిస్ అంటే షాపులో పని చేస్తూనే మధ్యమధ్య స్కూలుకి వెళ్లి పరీక్ష పాసవ్వడం. ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోవడం కాదు, తక్కువైనా సరే జీతం పుచ్చుకుని నేర్చుకోవడం. నువ్విప్పుడు చేస్తున్న దానికి ఇది దగ్గరగానే ఉంది. కాకపోతే మన హోటళ్లలో ఆ స్కూలు భాగాన్ని ఎవరూ పట్టించుకోరు, దాన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి.

1980లో నీస్ నగరంలో నెగ్రెస్కో హోటల్‌కి వెళ్లాడు. అక్కడ జాక్ మాక్సిమిన్ అనే పేరున్న షెఫ్ దగ్గర చేరి ఎనిమిదేళ్లు ఉన్నాడు. ఈ ఎనిమిదేళ్లలోనే నీకు పనికొచ్చే విషయం ఉంది. హోటల్ పని చేస్తూనే 1983 నుంచి 1986 వరకు కాన్ నగరంలో ఒక కలినరీ స్కూల్లో పేస్ట్రీ పాఠాలు చెప్పాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు, అంటే సరిగ్గా నీ ఈడు. కెమెరా లేదు, పేరు లేదు. ఎదురుగా కుర్రాళ్లు, చేతిలో పిండి. కస్టర్డ్ ఎందుకు విరిగిందో, పఫ్ ఎందుకు పొంగలేదో, అర్థం కానివాడికి అర్థమయ్యేదాకా చెప్పాలి. తర్వాత టీవీలో ఆయన చేసిందంతా ఇదే.

1986లో 26 ఏళ్ల వయసులో ‘మెయ్యర్ ఉవ్రియే ద ఫ్రాన్స్’, అంటే ఫ్రాన్స్‌లో ఉత్తమ పనివాడు అనే బిరుదు సాధించాడు. అప్పటిదాకా పేస్ట్రీలో అంత చిన్న వయసులో దాన్ని అందుకున్నవాళ్లు లేరు. మీ హోటల్‌కి ఫ్రెంచ్ షెఫ్ ఎవరైనా డెమోకి వస్తే కోటు కాలర్ చూడు, నీలం, తెలుపు, ఎరుపు గీతలుంటే అదే ఈ బిరుదు. రానివాడు ఆ కాలర్ తొడుక్కుంటే ఫ్రాన్స్‌లో నేరం కింద లెక్క. మూడు నాలుగేళ్లకోసారి పోటీ పెడతారు. ఒక్కరికే ఫస్ట్ ప్రైజ్ ఇచ్చే పద్ధతి కాదు, ఆ స్థాయికి చేరిన వాళ్లందరికీ ఇస్తారు, ఎవరూ చేరకపోతే ఎవరికీ ఇవ్వరు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా చివరి గంటలో పంచదారతో చేసిన బొమ్మను టేబుల్ మీదికి మోసుకెళ్తుంటే చేతుల్లోనే విరిగిపోయి ఏడ్చుకుంటూ ఇంటికెళ్తారు. లాగిన పంచదార గాజు లాంటిది, గాలిలో తేమ పెరిగితే చెమ్మగిల్లి జారుతుంది, చిన్న కుదుపు తగిలితే పగులుతుంది.

1988లో అమెరికా వెళ్లి మొదట ఒక పెద్ద హోటల్ గ్రూపులో పేస్ట్రీ షెఫ్‌గా చేరాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో లె సిర్క్ రెస్టారెంట్‌లో కుదిరాడు. సిరియో మాచియోని అనే ఇటాలియన్‌ది ఆ రెస్టారెంట్. రాజకీయ నాయకులు, సినిమావాళ్లు, డబ్బున్నవాళ్లు టేబుల్ కోసం ఎదురుచూసే చోటు. అక్కడ పదకొండేళ్లు ఉన్నాడు. వేలెడంత చాక్లెట్ పొయ్యి అనే డెజర్ట్ అక్కడే పేరు తెచ్చుకుంది. ప్లేటులో పొయ్యి ఆకారంలో చాక్లెట్ పెట్టె, లోపల కేకు, పైన బొమ్మ గిన్నెల్లో పండ్ల సాస్‌లు. చూడ్డానికి పిల్లల ఆట వస్తువులా ఉంటుంది. కానీ ఒక్కసారి పనివాడి కళ్లతో చూడు. అది ఒక్క బొమ్మ కాదు, ఎవరు ఎప్పుడు ఆర్డర్ ఇస్తే అప్పుడు టేబుల్‌కి పోవాలి. పల్చటి చాక్లెట్ పలకలు పోయాలి, సమంగా కోయాలి, అతికించాలి, ఒక్కదాని మీద కూడా వేలిముద్ర పడకూడదు. మరుసటి రోజు మళ్లీ మొదటి నుంచి.

పల్చటి పలక నిగనిగలాడుతూ టక్కున విరగాలంటే టెంపరింగ్ కుదరాలి. డార్క్ చాక్లెట్‌ని 45, 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తీసుకురావాలి. రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయితే పైన బూడిద చారలు తేలతాయి. ఇది నీకు తెలిసే ఉంటుంది. లేదా మీ సెక్షన్‌లో కాంపౌండ్ చాక్లెట్ కరిగించి పోసేస్తుంటే తెలియకపోయీ ఉండొచ్చు. చాలా హోటళ్లలో బఫేకి కాంపౌండే వాడతారు, అందులో కోకో బటర్ బదులు వేరే కొవ్వు ఉంటుంది కాబట్టి టెంపరింగ్ అక్కర్లేదు. రెండేళ్లు పేస్ట్రీలో ఉండి అసలు చాక్లెట్‌ని ముట్టుకోని పిల్లలు నాకు తెలుసు. నువ్వు వాళ్లలో ఒకదానివైతే ఉద్యోగం మానడానికి ఇది సమయమే కాదు.

లె సిర్క్‌లో ఉండగానే న్యూయార్క్‌లోని ఫ్రెంచ్ కలినరీ ఇన్‌స్టిట్యూట్‌లో పేస్ట్రీ విభాగానికి డీన్ అయ్యాడు. 1994లో జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది, అమెరికాలో వంటవాళ్లకి అంతకన్నా పెద్ద గుర్తింపు లేదు. టీవీ వచ్చింది ఆ తర్వాతే. 1990ల చివర్లో అక్కడి పబ్లిక్ టీవీలో ‘డెజర్ట్ సర్కస్’ అనే షో చేశాడు. ఇంట్లో వంట చేసుకునే వాళ్లకి పేస్ట్రీ నేర్పే షో అది. తర్వాత ఫుడ్ నెట్‌వర్క్‌లో చాక్లెట్ మీద ఇంకొకటి. అంటే స్కూల్లో పాఠం చెప్పిన మనిషే స్టూడియోలో పాఠం చెప్పాడు. ఎదుటివాడు తప్పు చేస్తే అది ఎక్కడ జరిగిందో చూడగానే చెప్పగల మనిషి కాబట్టే ‘నెయిల్డ్ ఇట్’లో ఆ కుర్చీ ఆయనకి దక్కింది. ఈసారి ఆ షో చూసేటప్పుడు నవ్వుకోవడం కాస్త పక్కన పెట్టి ఆయన మాటలు విను. ఆ పోటీదారులు వేడి వేడి కేకు మీద క్రీమ్ రాసి జార్చేసుకుంటారు, ఫాండెంట్ అనే పంచదార ముద్దని పల్చగా తీసి చింపేసుకుంటారు. ముందు ఏదో ఒకటి బాగుందంటాడు, తర్వాత ఎక్కడ తేడా కొట్టిందో రెండు ముక్కల్లో చెప్తాడు. ఇంగ్లీషులో ఇప్పటికీ ఫ్రెంచ్ యాస పోలేదు, ఎవరికీ అడ్డం రాలేదు. మన గోదావరి యాస మీద నీకేమైనా బెరుకుంటే ఇక్కడే వదిలెయ్.

2000లో లె సిర్క్ మానేసి బ్రూక్లిన్‌లో సొంత చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టాడు. అప్పట్లో ఆ డంబో ప్రాంతమంతా గోదాములే. అంతకుముందే టీవీ షో వచ్చింది కాబట్టి దాని మీదే బతికేయొచ్చు అనుకోలేదు, అమ్మడానికి ఒక సరుకు ఉండాలనుకున్నాడు. అన్నీ పెద్ద పెద్ద కళాఖండాలూ కావు. చాక్లెట్‌లో ముంచిన కార్న్‌ఫ్లేక్స్ అమ్మాడు, మిరపకాయ ఘాటు కలిపిన హాట్ చాక్లెట్ అమ్మాడు (ఆ రెండోది మన గుంటూరులో పెట్టినా నడుస్తుందని నా నమ్మకం). మూడు రంగుల కాలర్ వేసుకున్న మనిషి కార్న్‌ఫ్లేక్స్ అమ్మడానికి నామోషీ పడలేదు. రీల్స్ చేసే మన పిల్లలు కొందరు ఎగ్ పఫ్, క్రీమ్ బన్ను చేయడం చిన్నతనం అనుకుంటారు, వాళ్ల కోసం కూడా ఈ మాట.

ఇక దీనికి రెండో వైపు కూడా నీకు తెలియాలి, ఎందుకంటే మీ ఫ్రెండ్స్ దాన్ని చెప్పరు. ఆస్ట్రేలియాలో ఆడ్రియానో జుంబో అనే పేస్ట్రీ షెఫ్ ఉన్నాడు. సిడ్నీలో 2007లో షాపు తెరిచాడు. 2009లో అక్కడి మాస్టర్‌షెఫ్‌లో అతను తెచ్చిన డెజర్ట్ చూసి పోటీదారుల కాళ్లు వణికాయి, రాత్రికి రాత్రి దేశమంతా పేరు. మాకరాన్లు అనే బాదం బిస్కెట్ల కోసం జనం క్యూలు కట్టారు, షాపులు పెరిగాయి, 2016లో అతని పేరు మీదే ఒక టీవీ షో వచ్చింది. 2018లో కంపెనీ అప్పుల్లో పడి అడ్మినిస్ట్రేటర్ల చేతికి వెళ్లింది. పనితనంలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. కానీ టీవీ వల్ల జనం వస్తారు, అద్దె మాత్రం టీవీ కట్టదు. బటర్ ధర పెరిగినా, సాయంత్రానికి పేస్ట్రీలు మిగిలిపోయినా, పనివాళ్లు మానేసినా, ఆ లెక్క కొట్టు లోపలే తేలాలి. ఈ లెక్క మీ నాన్నగారికి నీకంటే బాగా తెలుసు. కిలో కాజాకి ఎంత మైదా, ఎంత నూనె, ఎంత గ్యాస్ పడుతుందో ఆయన నిద్రలో అడిగినా చెప్తారు. మీ హోటల్‌లో ఒక పేస్ట్రీకి ఎంత ఖర్చవుతుందో నీకు తెలుసా? రేపు షిఫ్ట్ అయ్యాక మీ షెఫ్‌ని కాస్టింగ్ షీట్ చూపించమని అడుగు. చాలామంది షెఫ్‌లు అడిగితే చూపిస్తారు, అడిగేవాళ్లే ఉండరు.

ఇప్పుడు నీ రీల్ సంగతి. మూడు లక్షల వ్యూస్ చిన్న విషయం కాదు, సంతోషించు. కానీ ఒక్క ప్రశ్న వేసుకో, ఆ రీల్ చూసినవాళ్లు ఏం నేర్చుకున్నారు? నువ్వు పంపిన వర్ణనని బట్టి అది అద్దంలా మెరిసే గ్లేజ్ కేకు మీద పోయడం. అది చూడ్డానికి బావుంటుంది, బొటనవేలితో పైకి తోసేసి ఇంకొకటి చూస్తారు. అలాంటి వీడియోలు వేలు ఉన్నాయి, ఎవరు చేశారో ఎవరికీ గుర్తుండదు. నువ్వు మొహం కూడా చూపించలేదన్నావు.

నీ దగ్గర ఇంకెవరి దగ్గరా లేని సరుకొకటి ఉంది. మీ ఇంట్లో చిన్నప్పటి నుంచి మడత కాజా చూశావు. మైదా ముద్దని పల్చగా సాగదీసి, పైన నూనె రాసి, పిండి చల్లి, చుట్టచుట్టి, ముక్కలు కోసి సన్న మంట మీద వేయిస్తే పొరలు విచ్చుకుంటాయి. హోటల్‌లో పఫ్ పేస్ట్రీ చేస్తున్నావు. పిండి మధ్యలో బటర్ పలక పెట్టి, మడిచి, ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ సాగదీసి మడుస్తావు. ఓవెన్‌లో పిండిలోని తేమ ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది, మధ్యలో కొవ్వు ఉంది కాబట్టి అతుక్కోవు. రెండింటి వెనకా ఉన్న కిటుకు ఒకటే. తాపేశ్వరం వైపు పుట్టి, ఈ రెండూ తన చేత్తో చేసి, కోసి లోపలి పొరలు చూపించి, ఇది ఇందుకు విచ్చుకుంది, ఇది ఇందుకు గట్టిపడింది అని గోదావరి తెలుగులో చెప్పగల పేస్ట్రీ అమ్మాయిని నేనైతే ఇంతవరకు చూడలేదు. మంట ఎక్కువైతే కాజా ఏమవుతుందో, ఎండాకాలం బటర్ మెత్తబడితే పఫ్ ఏమవుతుందో, పాడైన ముక్కల్ని కూడా చూపించు. జనం తమ ఇంట్లో పాడైనవే కదా గుర్తు తెచ్చుకునేది.

ఇంకో ఉదాహరణ కావాలంటే చెప్తాను. 2008లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక టోరెస్ రెసిపీని ఆధారంగా చేసుకుని ఒక చాక్లెట్ చిప్ కుకీ రెసిపీ వేసింది. కలిపిన ముద్దని వెంటనే కాల్చకుండా 24 నుంచి 36 గంటలు ఫ్రిజ్‌లో ఉంచమంది. గుడ్డులోని తడిని పిండి నిదానంగా పీల్చుకుంటుంది, ముద్ద గట్టిపడుతుంది, కాల్చాక రంగూ రుచీ పెరుగుతాయి. ఒకే ముద్దని మూడు భాగాలు చేసి, అప్పటికప్పుడు ఒకటి, మర్నాడు ఒకటి, ఆ తర్వాత ఒకటి కాల్చి, మూడూ పక్కపక్కన విరిచి చూపిస్తే ఒక నిమిషం వీడియో. నీ జీతంలో అయ్యే ఖర్చే. వారానికి ఒకటి చాలు, నీ వారాంతపు సెలవు రోజు చేసుకోవచ్చు. వీడియోలు హోటల్ కిచెన్‌లో మాత్రం తీయకు, చాలా హోటళ్లు ఒప్పుకోవు, అనవసరంగా మెమో తెచ్చుకుంటావు. ఇంట్లో చేసి అమ్మే ఆలోచన కూడా ఉంటే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ముందు చేయించు, చిన్న వ్యాపారాలకి ఫీజు తక్కువే.

ఇంగ్లండ్‌లో మేరీ బెర్రీ అనే పెద్దావిడ ఉంది. ఆమె జడ్జిగా ఉన్న ‘బ్రిటిష్ బేక్ ఆఫ్’ అనే టీవీ పోటీ మొదలైన 2010లో ఆమెకు 75 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఉద్యోగం ఏమిటంటే, కరెంట్ ఓవెన్ కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి, దాంట్లో స్పాంజ్ కేక్ చేసి చూపించి, ఎలా వాడాలో నేర్పడం. తెలుగులోనే చూడు. 2021లో జెమినీ టీవీలో మాస్టర్‌షెఫ్ తెలుగు వచ్చినప్పుడు జడ్జీల్లో సంజయ్ తుమ్మ ఉన్నారు. హోటళ్లలో, అమెరికాలో రెస్టారెంట్లలో పని చేసి వచ్చి, వంటల వీడియోలు ఇంకా అంత ఊపందుకోని రోజుల్లోనే నెట్‌లో వంట నేర్పడం మొదలుపెట్టిన మనిషి ఆయన. అందరూ ముందు నేర్పినవాళ్లే.

లోన్ మాటకొద్దాం. పారిస్ కోర్సు చెత్త అని నేననను. పూజా ధింగ్రా పారిస్‌లో చదువుకుని వచ్చి 2010లో ముంబైలో మాకరాన్ల షాపు పెట్టింది, తర్వాత మాస్టర్‌షెఫ్ ఇండియాలో జడ్జి కూడా అయింది. కానీ కరోనా ఏడాది కొలాబాలో ఉన్న కేఫ్‌ని ఆమె కూడా మూసేయాల్సి వచ్చింది. కాబట్టి పారిస్ పట్టా ఉంటే కష్టాలు రావని కాదు. నీ లెక్క చూడు. 20 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకి దాదాపు 27,500 కట్టాలి. నీ జీతం 19 వేలు. తిరిగొచ్చాక సూ షెఫ్‌గా (ప్రధాన షెఫ్ తర్వాతి స్థానం) చేర్చుకోరు, మహా అయితే ఒకటి రెండు మెట్లు పైన చేర్చుకుంటారు. నాన్నగారి కొట్టు తాకట్టు పెట్టి తీసుకునే అప్పయితే అసలు వద్దు. పూజా ధింగ్రా కథలో మనకి కనిపించేది కోర్సు, మనకి కనిపించనివి ఇంకా చాలా ఉంటాయి.

దాని బదులు ఒక ఏడాది ఇలా గడుపు. మీ షెఫ్‌ని సెక్షన్ మార్చమని అడుగు. ఏడాది పొడుగునా బఫేకి కప్పుల్లో మూస్ నింపుతూ కూర్చుంటే చెయ్యి ఎదగదు. నాలుగు నెలలు బేకరీ నైట్ షిఫ్ట్ అడుగు, క్రొసాంట్, పఫ్ లామినేషన్, అంటే బటర్ పెట్టి పొరలు మడిచే పని, అక్కడే వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో బాంక్వెట్‌కి వెళ్లు, వెయ్యి ప్లేట్లు ఒకే రకంగా పెట్టడం అక్కడ నేర్చుకుంటావు. చాక్లెట్ గది ఉంటే అందులోకి దూరు. ఆడపిల్లవి, కేకుల మీద పూలు వేస్తే చాలులే అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకు, 25 కిలోల మైదా బస్తా నువ్వే ఎత్తు. ఒక్క ఏడాదిలో సెక్షన్ మార్చకపోతే, అప్పుడు హోటల్ మారు. మారడం వేరు, మానడం వేరు. కొత్తగా చేరే ట్రైనీలకి పని చూపించే బాధ్యత కూడా నువ్వే అడిగి తీసుకో. దాన్ని అందరూ తలనొప్పి అంటారు. నీకు అదే కాన్ స్కూలు.

నాన్నగారి గురించి నేను ఎక్కువ మాట్లాడను, ఆయన మనసులో ఏముందో నాకంటే నీకు బాగా తెలుసు. కొట్టుకి రమ్మనడంలో ఆయన భయం కొంత ఉంటుంది, తన పని ఎవరు చూస్తారన్న బెంగ కొంత ఉంటుంది. కాజా వీడియో తీయడానికి ఇంటికి వెళ్లు, ఆయన చేతులే చూపించు, పక్కన నువ్వు మాట్లాడు. సంబంధాల విషయంలో ఒక్కటే. తెల్లవారుజామున 4 గంటలకి డ్యూటీకి వెళ్లే మనిషివని ముందే చెప్పి, దానికి ఒప్పుకున్నవాళ్లనే చూడమను. పెళ్లయ్యాక చెప్పి ఒప్పించొచ్చులే అనుకోవద్దు.

ఇక ఆడిషన్. తప్పకుండా వెళ్లు, అనుభవం వస్తుంది. కానీ పోటీదారుగా వెళ్తున్నావు, షెఫ్‌గా కాదు. పోటీ షోలో చూపించేది నీ పనితనాన్ని ఒక్కదాన్నే కాదు, నీ ఏడుపునీ గొడవల్నీ కూడా. ఏది ఉంచాలో ఎడిటింగ్ గదిలో వాళ్లు తేలుస్తారు. సెలక్ట్ అయితే సంతకం పెట్టే ముందు కాగితాలు ఇంటికి తెచ్చుకుని చదువు, తెలిసిన లాయర్ ఉంటే చూపించు. షూటింగ్ ఎన్ని వారాలు, రోజుకి డబ్బులిస్తారా, బస ఎవరిది, షో అయ్యాక ఎన్నాళ్లు నీ సొంత వీడియోలు పెట్టకూడదంటారు, నీ రెసిపీలు ఎవరివవుతాయి, ఇవన్నీ అడుగు. అడిగినందుకు విసుక్కుంటే అదీ ఒక జవాబే. హోటల్ హెచ్ఆర్‌కి ముందే రాసి, జీతం లేని సెలవు దొరుకుతుందేమో చూడు. పోటీకి ఎవరైనా డబ్బు కట్టమంటే ఆ ఫోన్ అక్కడే పెట్టెయ్.

ఆడిషన్‌కి ఏదైనా వండి తెమ్మంటే కూల్ కేక్ మాత్రం పట్టుకెళ్లకు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో గంటన్నర ఎండకి క్రీమ్ జారిపోతుంది, అక్కడికెళ్లాక సర్దుకునే టైమ్ ఇవ్వరు. క్రీమ్ నింపడానికి ఖాళీ పఫ్‌లు పొద్దున్నే కాల్చుకుని, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టుకో. లోపల నింపే క్రీమ్ విడిగా పైపింగ్ బ్యాగ్‌లో, ఐస్ ప్యాక్ మధ్యలో. మీ కాజా పాకంలో కొంచెం యాలకులు ఎక్కువ వేసి చిన్న సీసాలో తీసుకెళ్లు, అప్పటికప్పుడు పైన పోయి. రెండు పఫ్‌లు ఎక్కువే పెట్టుకో, దార్లో ఒకటి విరిగినా ఇంకోటి ఉంటుంది.